వీడ్కోలులో నూటికి నూరు

నాగరికతను నిలబెట్టేవి పనికొచ్చే మాటలు కావు, ఊసుపోక చెప్పుకునే మాటలేనని ఇటలీలో పో అనే నది ఒడ్డునున్న బోర్గోలెంతో పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. అందుచేత ఆ ఊళ్లో దుకాణం పెట్టదలచిన విదేశీయులు పిచ్చాపాటీ పరీక్ష పాసవ్వాలి. దానికొక శాఖ, ఆ శాఖకొక అధికారి, ఆ అధికారికొక కాఫీ విరామం (పరీక్షలు ఆ విరామానికి అడ్డురాకుండా జరుగుతాయి) మంజూరయ్యాయి.

హన్నెకే అనే డచ్చి యువతికి ఆ ఊరి నడిబొడ్డున సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఖాళీగా ఉన్నది ఒక్కటే గది. చేతిలో పనితనముంది, ఇటాలియన్ పాఠాలన్నీ కంఠతా వచ్చు. పాపం, ఆ పాఠాలే కొంప ముంచాయి.

"కొమే స్తాయి?" అని కుశలమడిగాడు అధికారి ఎర్మేతే.

"చాలా బాగున్నానండీ!" అంది హన్నెకే.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "చాలా బాగున్నారా? దిష్టి తగలదూ? పైగా పన్నులవాళ్లు వింటేనో?"

పరీక్ష తప్పింది.

ఆమె ఇంటి కింద కాఫీ బార్ నడిపే ఒర్నెల్లా చేరదీసింది. "పిచ్చిపిల్లా, ఎలా ఉన్నావంటే 'సీ తీరా అవాంతీ' అనాలి. ఏదో ఈడ్చుకొస్తున్నాం అని. లాటరీ తగిలినా అంతే. ఏదైనా తెలీకపోతే 'బో' అను, భుజాలెగరెయ్యి."

"వెళ్లేటప్పుడు 'చావో' అని వచ్చేయనా?" (ఆ మాట తెలుగు చెవికి అపశకునమే. వాళ్లకు మాత్రం మహా ముద్దు.)

"అలా వచ్చేస్తే అలిగి పోయావనుకుంటారే! మొదటి చావోకి కుర్చీలోంచి లేవాలి. రెండోదానికి వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులు అడగాలి. మూడోదానికి గుమ్మం దాకా. అసలు కబుర్లు మొదలయ్యేది అక్కడే."

రెండోసారి పరీక్ష, గది దరఖాస్తుకు ఆఖరి రోజున పడింది. పాసైన కాగితం పక్క కిటికీలో ఇవ్వాలి, ఆ కిటికీ ఒంటిగంటకు మూస్తారు. హన్నెకే ఏదో ఈడ్చుకొస్తున్నానంది, భుజాలెగరేసింది, 'చావో' అంటూ లేచింది. ఆయనా లేచాడు. అమ్మగారి మోకాళ్లు అయ్యాయి, గుమ్మం దగ్గర వర్షాలు అయ్యాయి, మెట్ల మీద ఆయన చెల్లెలి విడాకుల గొడవ మొదలైంది. మధ్యలో పరుగెత్తితే కాగితం రాదు, నిలబడితే కిటికీ అందదు. ఏడుపొస్తోంది ఆమెకి. అయినా, "అయ్యో, మరి అతనేమన్నాడు?" అంది.

చర్చి గంట ఒకటి కొట్టింది. కిటికీ తలుపు పడింది.

"శభాష్!" ఆయన కళ్లు చెమర్చాయి. "నూటికి నూరు! ఇక మీరు మా ఊరి మనిషే."

"మరి నా గది, దొత్తోరే గారూ?"

"బో," అన్నాడాయన, భుజాలెగరేసి.

ఆ గది శీతల పానీయాలమ్మే యంత్రానికి దక్కింది. నాణెం వేస్తే సీసా ఇస్తుంది, ఎవరితోనూ పలకదు. దానికి పరీక్ష ఎందుకు పెట్టలేదని ఒర్నెల్లా వెళ్లి నిలదీసింది. పక్క ఊళ్లో తయారైంది కనుక అది స్థానికురాలేనట.