డాక్టరు గారి సగటు

చదువు, ప్రజాసేవ, క్రీడ, ఈ మూడూ ఒక్క మనిషిలో ఇమడటం చాలా అరుదనీ, ప్రసిద్ధ ఆర్థికవేత్త డాక్టర్ మోహన్‌కృష్ణ గారు ఎడ్ల బండలాగుడు సంఘానికి అధ్యక్షులు కావడం మన గిత్తల అదృష్టమనీ మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. పెద్దారవీడు కాటమరాజు మాత్రం కొట్టలేదు. రెండు చేతుల్లోనూ పగ్గాలున్నాయి మరి.

డాక్టరు గారి ఘనత అతనికి తెలియంది కాదు. పడమటి మండలాల కరువు మీద పరిశోధన చేసి ఆయన డాక్టరేటు సంపాదించారు. తర్వాత ప్రభుత్వ సలహాదారై ఆ కరువునే రద్దు చేశారు. సముద్రం పక్కన కురిసిన వానను, ఇక్కడ కురవని వానను కలిపి సగటు తీస్తే జిల్లా అంతా వాన బ్రహ్మాండంగా పడినట్టు తేలింది. ఇక్కడి వాగుల్లో నడుముల్లోతు నీళ్లున్నాయని రిపోర్టు రాసి సంతకం పెట్టారు. కాటమరాజు మండలం కరువు జాబితాలోంచి ఎగిరిపోయింది. వస్తుందనుకున్న ఉచిత గడ్డి రాలేదు.

ఇంటి దగ్గర గడ్డివామి అడుగంటింది. ఇవాళ్టి మొదటి బహుమతి ఒక ట్రాక్టరు వరిగడ్డి. అది గెలవకపోతే బిడ్డల్లా పెంచిన గిత్తల్ని సంతకు తోలాల్సిందే.

గిత్తలు అతని పరువు నిలబెట్టాయి. ఇరవై నిమిషాల్లో మూడు వేల అడుగులు లాగాయి. పోటీకొచ్చిన నరసింహులు ఎడ్లయితే బండను ఒకసారి చూసి పడుకున్నాయి.

డాక్టరు గారు మైకు అందుకున్నారు.

"పది జతల లాగుడూ కలిపి సగటు తీశాం. జతకు పదిహేను వందల అడుగులు వచ్చింది. కాబట్టి అందరూ ప్రథములే. గడ్డి సమానంగా పంచుతాం."

"సార్, నరసింహులన్న ఎడ్లు పైకి లేసిందే లేదు గదా!" అన్నాడు కాటమరాజు.

"విడిగా చూస్తే లేవలేదు. సగటున లేచాయి."

కాటమరాజుకు ఒళ్లు మండింది. తన వంతు గడ్డి వారానికి కూడా రాదు. గిత్తల్ని తోలుకుని ఇంటిదారి పట్టాడు.

ఊరి బయట వాగు మధ్యలో తెల్లకారు ఇసుకలో దిగబడి ఉంది. డ్రైవరు రేజ్ చేసినకొద్దీ ఇంకా దిగుతోంది. డాక్టరు గారు అద్దం దించారు.

"ఏమయ్యా కాటమరాజూ, నీ గిత్తల్ని కట్టి కాస్త లాగించు."

"ఏంది సార్, వాటిని సంపమంటారా? ఈ వాగులో నడుముల్లోతు నీళ్లుండాయని తమరే రాసినారు. నోరులేని జీవాలు, అంత నీళ్లలోకి ఎట్ల దింపేది?"

డాక్టరు గారు చుక్క నీరు లేని ఇసుక వంక చూశారు.

"నీళ్లు లేవని ఒక్క కాయితం రాసియ్యండి సార్. మా మండలం జాబితాలోకి ఎక్కుద్ది. మీ కారు రోడ్డెక్కుద్ది."

డాక్టరు గారు పెన్ను తీశారు. కాసేపు ఆలోచించి మళ్లీ జేబులో పెట్టుకున్నారు. ఆయన రాసిన మాట తప్పే మనిషి కాదు. కారు దిగి, బూట్లు విప్పి చేత పట్టుకున్నారు. ప్యాంటు తొడలదాకా మడిచారు. మండుటెండలో, అరికాళ్లు కాలుతున్నా తొందరపడకుండా, ఒక్కో అడుగూ జాగ్రత్తగా వేసుకుంటూ అవతలి గట్టుకు చేరారు. అక్కడ జేబురుమాలు తీసి కాళ్లు తుడుచుకున్నారు.