బండ మీద బండ

ఆ ఇంటి కోడలికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, అత్తగారి మనసు నొచ్చుకోవడం. అందుకే ఆవిడ చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చేలోగా వంటగట్టుకు కొత్త రాయి వేయించి సంతోషపెట్టాలని పొద్దున్నే కొంగు బిగించింది.

చంటిదాన్ని చంకనేసుకుని రాళ్ల దుకాణానికి వెళ్లి, నమూనా ముక్కల మీద నిమ్మకాయ పిండి, నూనె చుక్కలు వేసి ఓపిగ్గా కూర్చుంది. తెల్ల పాలరాయి నిమ్మరసానికే కళ తప్పింది. ఎర్ర ఇసుకరాయి నూనె తాగేసింది. నల్ల గ్రానైటు మాత్రం, తుడిస్తే ఏమీ ఎరగనట్టు మెరిసింది.

"ఇదే ఇవ్వండి. వేడి గిన్నె దించినా భయం లేదుగా?"

"మీ మనవరాళ్లు దించినా భయం లేదమ్మా," అన్నాడు దుకాణదారు.

సాయంత్రానికల్లా మేస్త్రీ బెత్తెడు మందం పాత బండను ఊడదీసి వాకిట్లో ఆనించి, కొత్తది అతికించాడు. అప్పుడే వచ్చిన భర్త, పాత బండ నడుమ అరిగిన గుంటను తడిమి అక్కడే చతికిలబడ్డాడు.

"చిన్నప్పుడు అమ్మ నన్ను ఈ గుంటలోనే కూర్చోబెట్టుకుని వంట చేసేదే! పొయ్యి సెగకి రాయి వెచ్చగా ఉండేది. అమ్మ ప్రాణమంతా ఇందులోనే ఉంది."

కోడలు వంటింట్లోకి పరుగెత్తింది. "మేస్త్రీగారూ, మళ్లీ పాతదే పెట్టేయండి!"

"కొత్తది పట్టేసిందమ్మా. కదిపితే పగిలిపోతుంది."

"అయితే దాని మీదే పెట్టెయ్," అన్నాడు భర్త.

పెట్టారు. కుళాయి కింద బిందె పట్టలేదు. కుళాయి పైకి జరిపితే గొట్టం చాల్లేదు. గొట్టం మారుస్తుంటే గోడ పెచ్చు ఊడింది. కిటికీ రెక్క బండకు తగిలి తెరుచుకోనంది. పీట ఎక్కితే తప్ప గిన్నెలో ఏముందో కోడలికి కనిపించలేదు. సరిగ్గా ఆమె పీట మీద ఉండగా అత్తగారు వచ్చారు.

ఆవిడ గుంట మీద చెయ్యి వేశారు. కళ్లు చెమ్మగిల్లాయి.

"చూశావా? నేను చెప్పలేదూ!" అన్నాడు కొడుకు, పెళ్లాం వైపు తిరిగి.

"ఏం చెప్పావురా సన్నాసీ? ఇన్నేళ్లూ ఇందులో నిలిచిన నీళ్లు తోడలేక నా చేతులు పడిపోయాయి. మీ నాన్న ముచ్చటపడి తెచ్చారని నోరు మెదపలేదు. నిన్ను ఇందులో ఎందుకు కూర్చోబెట్టేదాన్ననుకున్నావ్? నీ చెడ్డీ ఆ నీళ్లు పీల్చేస్తుందని!"

కోడలు పీట దిగడం మర్చిపోయి నోరు తెరిచింది.

"నువ్వు దిగవే తల్లీ. కింది రాయి బంగారంలా ఉంది. దీన్ని మాత్రం పెరట్లో వేయించండి. ఇన్నాళ్లూ దీని ముందు నిలబడ్డాను, ఇక దీని మీద కూర్చుంటాను," అన్నారు ఆవిడ. అంటూనే ఆ రాయి మీద నుంచి చెయ్యి మాత్రం చాలాసేపు తీయలేదు.

మేస్త్రీ ఆ ఒక్కరోజులోనే బండను మూడోసారి ఎత్తాడు. మీరు ఆ వీధిన వెళ్లేవారైతే, అతని నడుం నిటారుగా అయిందో లేదో ఒకసారి చూసి రండి.