హౌగెన్ వీరుని సోఫా సమరము

శ్రీమదఖండ హిమరాశి మండితమై, సుపీరియర్ సరోవర శీతల సమీర తాడిత సకలజన దంతపంక్తి కటకటారావ ముఖరితమై, ఎక్కినవాడు దిగలేక దిగినవాడు ఎక్కలేక కారు చక్రములు గిరగిర త్రిప్పుకొను కొండవీథులతో విలసిల్లు డులూత్ మహానగరమున, ఫిబ్రవరి మాసమున, శనివారమున, పాదరసము గాజుగొట్టము అడుగున ముడుచుకొని పండుకొనిన ప్రాతఃకాల శుభవేళ, ఒక మహావీరుడు సోఫాలో కూర్చుండెను.

ఇంతియే కథ. కూర్చుండుట మీకును నాకును తేలిక. పిలువకున్నను కూర్చుందుము, లెమ్మన్నను కూర్చుందుము. ఆతనికి అట్లు కాదు.

ఆతడెవడందురా? హౌగెన్ వంశాబ్ధి చంద్రుడు, మితభాషి, కాఫీ ప్రియుడు, ఉన్నత పాఠశాలలో పిల్లలకు వడ్రంగము నేర్పు మాస్టారు, యాబదియెనిమిదేండ్ల రోల్ఫ్ నామధేయుడు. ఆరువందల పదునొకండు దినములు ఒక్కనాడైన తప్పక పరుగెత్తిన ధావనదీక్షా ధురంధరుడు. వానలో పరుగెత్తెను. జ్వరములో పరుగెత్తెను. కన్నకూతురి పెండ్లినాడు సూటు క్రింద పరుగు బూట్లు తొడిగి చర్చి చుట్టు పరుగెత్తి, పొగలు క్రక్కుచు వచ్చి ఫొటోలో నిలిచెను. ఆ దినసంఖ్య ఆతని మణికట్టు గడియారములో ప్రతి ఉదయమును వెలుగుచుండెడిది. దానిని చూచిన పిదపనే ఆతడు భార్యను చూచెడివాడు.

అట్టివాని ముంగాలి ఎముక మొన్న మంగళవారము మొరపెట్టుకొనెను. వైద్యురాలు ఎక్స్‌రే చూపి మొగమాటము లేకుండ చెప్పినది.

"ఎముక నలిగింది, ఇంకా పగల్లేదు. వారానికో రోజు, పోనీ ప్రతి శనివారం, పూర్తిగా కూర్చోండి. కుదరదంటారా, వేసవి దాకా కాలికి కట్టు, చంకలో కర్ర. మీ ఇష్టం."

ఎముక మాట అటుండనిండు, అంతకన్న లోతున నలిగినది వేరొకటి ఉన్నది. ఆ వైద్యశాలనుండి ఇంటికి వచ్చు దారిలో, కారు నడుపుచున్న ఆతని భార్య మార్లిస్, నాలుగు మాసములుగ లోలోపల దాచిన మాటను బయటపెట్టెను.

"అక్టోబర్లో నాకు పిత్తాశయం ఆపరేషన్ అయినప్పుడు, కళ్ళు తెరిస్తే పక్క కుర్చీ ఖాళీగా ఉంది రోల్ఫ్."

"కార్లు పెట్టే చోట నాలుగు చుట్లు కొట్టొద్దామని... నలభై నిమిషాలే కదా మార్లిస్!"

"ఎన్ని నిమిషాలో నేనడగలా. డాక్టరు నీకోసం వెతుక్కున్నాడట. నాకు సిగ్గేసింది. శనివారం నా పక్కన కూర్చో. ఒక్క పూట. నువ్వు కూర్చోగలవని నా కళ్ళతో ఒక్కసారి చూడాలి."

వీరుడు మాట ఇచ్చెను. ఇచ్చుట మంగళవారము గనుక సులభమాయెను.

శనివారము రానే వచ్చెను. దానితోపాటు, రాత్రికి రాత్రి మోకాలిలోతు మంచు వచ్చెను. కిటికీ తెర తొలగించి ఆ ధవళసాగరమును చూచిన వీరుని ముఖము పెండ్లికొడుకు ముఖమువలె వికసించెను. పరుగునకు నిషేధము కలదు, పారకు లేదు కదా! అని తలంచి, ఆతడు గొంతు సవరించుకొనెను.

"మార్లిస్, మంచు పడింది."

"నాకూ కళ్ళున్నాయి."

"వాకిట్లో మంచు తియ్యాలి కదా మరి. అది వ్యాయామం కాదు, ఇంటిపని."

"కూర్చో."

"ఉత్తరాలమ్మాయి జారిపడితే?"

"పక్కింటి వెర్నాకి ఫోన్ చేశా. తన మంచు తీసే యంత్రం తెస్తోంది."

"వెర్నా గారా! ఆవిడకి డెబ్బై తొమ్మిదేళ్ళు!"

"యంత్రానికి నాలుగే. కూర్చో రోల్ఫ్."

హా! ఎంతటి వజ్రపాతము! ఆ నగరమున దొంగను క్షమింతురు, అప్పు ఎగవేసినవానిని క్షమింతురు. ఒంట సత్తువ ఉండియు తన వాకిటి మంచును ముసలమ్మచేత తీయించినవానిని మాత్రము క్షమింపరు. పైకేమియు అనరు. "మనిషి మంచివాడేలే పాపం" అని పెదవి విరిచి ఊరకుందురు. అంతకన్న ఘోరశాపము నేనెరుగను.

అంతట ఆ వీరుని ఉదరకుహరమునుండి, కాఫీ ఆవిరులను చీల్చుకొనుచు, అపరాధాసురుడు కోరలు పటపట కొరకుచు లేచి ఇట్లు గర్జించెను: "ఓరీ హౌగెన్ కులాంగారా! ఆరువందల పదునొకండు దినముల ఘోరతపమును తలగడపాలు చేయుచుంటివా? నీ పిక్కలు పొయ్యిమీది వెన్నవలె కరగుచున్న చప్పుడు వినబడుట లేదా? రాత్రి మారు వడ్డించుకొని తిన్న, మాంసము జున్ను కలిపి కాల్చిన హాట్‌డిష్ పళ్ళెమును ఏ పరుగుతో దహింతువు? నేడు కూర్చుందువు, రేపు ఒరగుదువు, ఎల్లుండి గురకపెట్టుదువు! లెమ్ము! పార చేపట్టుము!"

ఆ గర్జనకు తోడుగ మణికట్టు గడియారము గుర్రుమని వణికి, లేచి కదలుమని ఆజ్ఞాపించెను.

"అది తీసి ఇటివ్వు," అని మార్లిస్ చేయి చాచెను.

కర్ణుడు కవచమును ఒలిచి ఇచ్చినట్లు వీరుడు దానిని విప్పి ఇచ్చెను. ఆమె దానిని బిస్కెట్ల డబ్బాలో వేసి మూత బిగించెను. అందును అది రెండుసార్లు గుర్రుమనెను.

"ఆ కాలెందుకు ఊగుతోంది?"

"ఊగట్లేదే!"

"కాఫీ ఒలుకుతోంది రోల్ఫ్."

"పోనీ కాస్త ఒళ్ళు విరుచుకుంటా. నేలమీద. రెండే నిమిషాలు."

"కూర్చునే విరుచుకో."

ఇంతలో ప్రళయకాల మేఘగర్జన సదృశ ఘోషముతో, ఎర్రటోపీ శిరస్త్రాణము ధరించి, మంచు యంత్రమను మత్తేభమును ముందునకు త్రోలుచు, కుడిఎడమల శ్వేతధూళిని ఆకసమునకు చిమ్ముచు, వృద్ధవీరాగ్రణి వెర్నా వాకిట ప్రవేశించెను. కిటికీకి అటు ఆమె, ఇటు ఆతడు. ఆమె చేతులలో యంత్రము, ఆతని చేతులలో పింగాణీ కప్పు. పారకు అలవాటుపడిన ఆ చేతులు ఆ కప్పును ఎక్కడ దాచవలయునో తెలియక తలగడ వెనుక దాచెను.

ఆమె చూడనే చూచెను. యంత్రమును ఆపి, బూట్ల మంచు దులుపుకొని, తలుపు త్రోసి చాపపై నిలిచెను.

"ఏంటి రోల్ఫ్ అబ్బాయ్, ఒంట్లో బాలేదా?"

చదువరులారా, ఇదియే మహాసంగ్రామము. తక్కినదంతయు కవాతు. ఆ క్షణమున వీరుని నాలుకపై మూడు అబద్ధములు మూడు బాణములవలె వచ్చి నిలిచెను. జలుబనవచ్చును. నడుము పట్టినదనవచ్చును. బడినుండి ఫోను రావలసియున్నదని చెప్పి గడియారములేని మణికట్టు చూచుకొనవచ్చును. నలిగిన ఎముకను చూపినను చాలును, అది నిజమే, కాని ఆతడు మాట ఇచ్చినది ఎముకకు కాదు, మార్లిస్‌కు. జబ్బుపడి కూర్చున్నవానికి ఆ ఊర నింద లేదు, సూప్ గిన్నె కూడ వచ్చును. బాగుండి కూర్చున్నవానికే దిక్కులేదు. అపరాధాసురుడు చెవిలో "నడుమనుము, నడుమనుము" అని గొణుగుచుండెను. మార్లిస్ మాత్రము తన కప్పులోనికి చూచుకొనుచు, ఊపిరి బిగబట్టి కూర్చుండెను.

వీరుడు తలయెత్తి వెర్నాను చూచెను.

"లేదండీ. శుభ్రంగా ఉన్నా."

"మరి?"

"ఊరికే కూర్చున్నా... మార్లిస్ పక్కన."

వెర్నా ఆతనిని చూచెను, ఆమెను చూచెను, తలగడ వెనుకనుండి కారుచున్న కాఫీని చూచెను.

"మంచి పనే," అనెను. "ఇంకెవరైనా ఊరికే కూర్చునేవాళ్ళుంటే చెప్పండమ్మా, వాళ్ళ వాకిట్లో మంచూ తీసేస్తా. ఇంట్లో కూర్చుంటే నాకు పిచ్చెక్కిపోతోంది!"

తలుపు మూసుకొనెను. యంత్రము మరల ఘీంకరించెను. ఇచట ఆదరణ కరవైన అపరాధాసురుడు, తగిన ఆశ్రయమును గుర్తించినవాడై, గోడ దూకి ఆ యంత్రముపై ఎక్కి ఆమెవెంట పోయెనని కొందరందురు.

మార్లిస్ సోఫాలో ఇంచుక జరిగి ఆతని భుజముపై తల వాల్చెను. ఆతడు కొయ్యబారెను. ఆరువందల పదునొకండు ఉదయములు తన ప్రక్కనే గడచినను, ఆమె నుదుటికడ జుట్టు ఇంతగా నెరసినదని ఆతడెరుగడు. పరుగులో ఊరంతయు చూచితిని, ఇది చూడనైతినే అని ఆతనికి మనసు కలుక్కుమనెను. ఈసారిది అసురుడు పుట్టించిన నొప్పి కాదు, నిజమైనది.

"ఆ రోజు ఆ కుర్చీలో నేనుండాల్సింది," అని మెల్లగ అనెను.

"ఉండాల్సింది," అని ఆమె కన్నులు తెరువకయే అనెను. "ఇప్పుడు కదలకు. నిద్రొస్తోంది."

ఆతడు కదలలేదు. చేయి తిమ్మిరెక్కెను, కదలలేదు. ముక్కు దురదపెట్టెను, కదలలేదు. బయట వెర్నా తన పని ముగించి, ఎదురింటివారు వలదని మొరపెట్టుచున్నను వినక వారి వాకిట చొరబడెను. అదియు చూచెను, కదలలేదు.

ఇట్లు, హౌగెన్ వంశ ప్రదీపకుడు, సోఫాసీన సార్వభౌముడు, గురకపెట్టు భార్యా శిరోభార వహన ధురీణుడునగు రోల్ఫ్ మహావీరుడు, ఒక గంట పది నిమిషముల కాలము ఏమియు చేయక విజయము సాధించెను. పిక్క కరగలేదు. ఆకాశము విరిగిపడలేదు. దేవతలు పూలు కురిపింపవచ్చి, డులూత్ చలికి చేతులు కొంకర్లు పోగా, మరికొంచెము మంచునే కురిపించి మరలిపోయిరి.

ఈ గాథను కూర్చుండి చదివినవారికి మోకాళ్ళు చల్లగానుండును. పండుకొని విన్నవారికి ఇంటిల్లిపాది ఆదరము కలుగును. పరుగెత్తుచు, చెవులలో తీగలు పెట్టుకొని విన్నవారికి మాత్రము ఏ ఫలమును లేదు.