కుట్టు కనపడని దున్న

జోలిబా నది ఒడ్డున మా వాడలో, పండగ దున్నకు గుడ్డ కుట్టే పని దర్జీ ద్రామాన్ అన్నది. కొలతలు బ్రహ్మాండంగా తీస్తాడు. కష్టాలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి.

పోయిన ఏడు కోతల పండగకు మా దున్న ఆటస్థలంలోకి వచ్చింది. వెదురు చట్రం మీద నల్లగుడ్డ, ముందు చెక్క తల, లోపల చట్రాన్ని మోస్తూ ఆడే మనుషులిద్దరు. అంతా బాగానే ఉంది గానీ, మెడ నుంచి తోక దాకా వీపు మీద తెల్లదారం కుట్టు రైలు పట్టాలా పరుచుకుని ఉంది. నల్లదారం అయిపోయిందట.

అవతలి వాడ పాటగత్తె న్యాబా ఊరుకుంటుందా? అక్కడికక్కడే పాట కట్టింది: "దున్నమ్మకు కాన్పు కష్టమైతే, కడుపనుకుని వీపు కోసిన డాక్టరెవరే?"

ఆ రోజు నుంచి ద్రామాన్ అన్న పేరు డాక్టరు. సంతలో నడుం నొప్పి వాళ్ళు కూడా ఆపి పలకరించేవారు.

ఈ ఏడు పెద్దలు కూర్చుని, "కుట్టు సనబాకు ఇద్దామా?" అన్నారు. సనబా వదిన ఆయన భార్యే. చేతికి తొడుక్కుని ఆడించే గుడ్డబొమ్మలు చేస్తుంది. వాటిని తిరగేసి మరగేసి చూసినా ఎక్కడ కుట్టిందో తెలియదు.

"దర్జీ బతికుండగానే?" అన్నాడు ద్రామాన్ అన్న. పెద్దలు అతని ముఖం చూసి సరేనన్నారు.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒక్క మట్టిగోడ. నేను చెవి ఒగ్గి వినే రకం కాదు, ఆ గోడే ఎత్తు తక్కువ.

"ఏమయ్యా, ఆ వీపు కుట్టు ఎలా వెయ్యాలో చెప్పనా?" అంది వదిన.

"జారా ఇంటి ఆడదాని దగ్గర ట్రావోరె మగాడు కుట్టు నేర్చుకోవడమా? మీకు వచ్చిన విద్య బొబ్బర్లు వండటం ఒక్కటే."

"వండేది మేము. తిని చుట్టుపక్కల వాళ్ళని ఊపిరాడకుండా చేసేది మీరు."

జారా ఇంటిపేరు వాళ్ళు ట్రావోరెలనీ, ట్రావోరెలు జారాలనీ బొబ్బర్ల పేరుతో ఎగతాళి చెయ్యడం మా దగ్గర పుట్టుకతో వచ్చే హక్కు. ఆ రెండిళ్ళ మధ్య పెళ్ళి జరిగితే దాన్ని రోజూ రెండు పూటలా వాడుకోవచ్చు.

అడగడానికి పరువు అడ్డమొచ్చింది కాబట్టి అన్న దొంగదారి పట్టాడు. వదిన నదికి వెళ్ళినప్పుడు ఆమె బుట్టలోంచి ముసలమ్మ బొమ్మ తీసి, కుట్టు రహస్యం చూద్దామని కత్తెర పెట్టాడు. ముసలమ్మ విడిపోయింది గానీ రహస్యం చెప్పలేదు. వేటగాణ్ణి కోశాడు. కొంగనూ కోశాడు. మళ్ళీ అతికించబోతే ముసలమ్మ మెడకు కొంగ రెక్క వచ్చింది. అన్నిటినీ పరుపు కింద తోశాడు.

"ముసలమ్మ ఏదయ్యా?" అంది వదిన ఆ సాయంత్రం.

"ఏ ముసలమ్మ?"

"నేను కుట్టింది."

"ఎటో నడుచుకుంటూ పోయుంటుంది."

"దానికి కాళ్ళు కుట్టలేదే!"

అన్న సజ్జ సంకటి ముద్ద పెద్దది చేసి నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండుగా ఉన్నవాణ్ణి ఎవరు మాత్రం ఏమడుగుతారు? వదిన పరుపు మీద కూర్చుని, ఒకసారి లేచి, మళ్ళీ కూర్చుంది.

ఇంత కోతలోనూ అన్న ఒక్క సంగతి కనిపెట్టాడు. బొమ్మల దారమంతా లోపలి వైపే ఉంది. అంటే లోపల్నుంచి కుట్టిందన్నమాట! అరచేతంత ముసలమ్మ లోపలికి సనబా వదిన ఎలా దూరిందన్న అనుమానం ఆయనకు రాలేదు.

దున్న గుడ్డని లోపల్నుంచే కుట్టాడు, నల్లదారంతో. పండగ రోజు మధ్యాహ్నం, మెచ్చుకోళ్ళు అందుకోవడానికి కొత్త బూబూ వేసుకున్నాడు. మోకాళ్ళు దిగే అంగీ, దాని చేతుల్లో ఇంకో మనిషి పట్టేంత వెడల్పు. ఆఖరిసారి చూసుకుంటే వీపు మధ్యలో జానెడు సందు మిగిలిపోయింది.

దున్న లోపలికి దూరాడు. చేతులు రెండూ పైకెత్తి, అంగీ చేతుల్ని భుజాల మీదికి మడిచి ఆ చీకట్లో కుట్టుకుంటూ పోయాడు. కుట్టు అద్భుతంగా కుదిరింది. బయటికి రాబోతే దున్న కూడా కదిలింది.

అంగీ చేతులు రెండూ దున్న వీపుతో కలిసిపోయాయి.

అంగీ వదిలేసి రావచ్చు. కానీ లోపల ఉన్నది చిరుగుల లాగు ఒక్కటే. వాకిట్లో అత్తగారి వైపు ఆడవాళ్ళంతా జొన్నలు చెరుగుతున్నారు. కుట్టు విప్పవచ్చు. విప్పితే మళ్ళీ డాక్టరే. ఈ రెంటి మధ్యా ఆయన తేల్చుకోకముందే మేం డోళ్ళతో వచ్చేశాం. ఆటగాళ్ళిద్దరూ చట్రం కిందికి దూరారు.

"అన్నా! నువ్వేంటి ఇక్కడ?"

"నోర్మూసుకుని ఎత్తండి," అన్నాడు దున్న కడుపులోంచి అన్న.

ఆటస్థలంలో జనం గుండ్రంగా కూర్చున్నారు. న్యాబా లేచి దున్న చుట్టూ తిరిగింది. మెడ చూసింది, వీపు చూసింది, తోక ఎత్తి చూసింది. మా డోళ్ళు కూడా నెమ్మదించాయి.

"కుట్టు లేదు," అంది చివరికి, మనసొప్పక. వెంటనే వంగి చూసి, "కుట్టు లేదు గానీ కాళ్ళు ఆరున్నాయి!" అంది.

నవ్వు పేలబోయింది. మా వైపు పాట ఎత్తేది సనబా వదిన. ఆమె కూడా వంగి చూసింది. నాలుగు కాళ్ళకు గజ్జెలున్నాయి. మిగతా రెంటికీ కొత్త తోలు చెప్పులు. పొద్దున ఆమె నూనె రాసి మెరిపించిన చెప్పులే.

రెప్పపాటు ఆగి గొంతెత్తింది: "మా దున్న చూలుది, ఆరు కాళ్ళది, బిడ్డకు నీళ్ళు పోసే చేతులేవి, దారివ్వండమ్మా!"

జనం ఊగిపోయారు. డోలు అందుకున్నాం. వదిన ఆడుతూ ఆడుతూ దున్న పక్కకు చేరింది. నేను డోలుతో పక్కనే ఉన్నాను.

"లోపల నువ్వేనా?" అంది.

"కాదు," అన్నాడు అన్న.

"అయితే పోతున్నా."

"ఉండవే! అంగీ కుట్టుకుపోయింది."

"ముడి ఎటు వేశావు?"

"తోక వైపు."

"దాన్ని తెంపి, మెడ దగ్గర దారం పట్టుకుని ఒక్క గుంజు గుంజు."

"గుంజితే కుట్టంతా ఊడిపోతుంది కదే!"

"ఊడకపోతే ఎండలో ఇలాగే రాత్రి దాకా ఆడు."

అన్న తెంపాడు, గుంజాడు. దున్న వీపు మెడ నుంచి తోక దాకా చెరోవైపు విచ్చుకుంది. అందులోంచి ద్రామాన్ అన్న తలా భుజాలూ పైకి లేచాయి. చెమటలు కారుతున్నాయి, కళ్ళు ఆర్పడం లేదు.

మా ఆటల్లో పెద్ద జంతువు వీపులోంచి చిన్న బొమ్మలు లేవడం మామూలే. జనం ఇదీ అలాంటిదే, అన్న బొమ్మ వేషం కట్టాడు అనుకున్నారు. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. పిల్లలు ముందుకు తోసుకొచ్చారు.

"తల తిప్పు," అంది వదిన పెదవి కదపకుండా.

అన్న తల కుడికి తిప్పాడు, ఎడమకు తిప్పాడు. కొయ్యలాగే తిప్పాడు. ఆయనకు అది నటించక్కర్లేకుండానే వచ్చింది.

"బొమ్మ బాగానే ఉంది గానీ ముఖం సరిగ్గా చెక్కలేదు," అంది న్యాబా.

అవతలి వాడ పెద్దాయన కర్ర ఊతంగా లేచి వచ్చాడు. విచ్చుకున్న అంచుల్ని వేళ్ళతో తడిమి చూశాడు. "ఇంత కనపడకుండా మూసుకున్నది, ఇంత చక్కగా తెరుచుకుంది. ఇలాంటి కుట్టు నేను చూడలేదు. ఎవరి చెయ్యి ఇది?"

ఏడాదిగా అన్న ఎదురుచూసింది ఈ ప్రశ్న కోసమే. నోరు తెరిచాడు.

"బొమ్మలు మాట్లాడవు," అంది వదిన మెల్లగా.

మాట్లాడితే లోపల చిక్కుకుపోయిన సంగతి ఊరంతా తెలుస్తుంది. అన్న నోరు మూసుకున్నాడు.

"నాదే తాతా," అంది వదిన, మోకాలు వంచి దణ్ణం పెట్టి.

ఇంటికొచ్చాక, గోడ పక్కనే నేనూ మా ఆవిడా చారు చల్లారబెట్టుకుని కూర్చున్నాం.

"నా కుట్టుని నీదని ఎలా చెప్పావే?" అన్నాడు అన్న.

"నా ముసలమ్మని నువ్వు విప్పావు. నీ దున్నని నేను విప్పాను. పరుపు ఎత్తు."

పరుపు ఎత్తిన చప్పుడైంది. తర్వాత అన్న గొంతు, దర్జీ కొట్లో ఎన్నడూ వినని గొంతు: "అయితే... బయటి నుంచి ఎలా కుడతావు?"

"ఇలా రా. ఈ అంచు మడతలోకి సూది. ఇప్పుడు ఆ అంచు మడతలోకి. ఇటూ అటూ వెళ్ళాక దారం లాగు, రెండూ పెదాల్లా మూసుకుంటాయి. సూది మడతలోనే నడవాలి, బయటికి రాకూడదు. ఊఁ, కుట్టు."

మేం చారు తాగడం కూడా అయిపోయింది.

"అయింది, చూడు," అన్నాడు అన్న.

"కనిపిస్తోంది," అంది వదిన. "విప్పు."