బోరు పాటకు వన్స్‌మోర్

సమాజంలో మార్పు తేగల శక్తి ఆర్కెస్ట్రాకు తప్ప మరి దేనికీ లేదని జహీరాబాద్‌లోని ఒక కార్యాలయం ఏకగ్రీవంగా తీర్మానించింది. (అప్పుడు గదిలో విరూపాక్షగారు ఒక్కరే ఉన్నారు.) అర్జీలతో వచ్చే జనం క్యూలో కేకలు వేస్తున్నారు, పాట వింటే కేకలు వేయరు, కేకలు లేనిచోట సమస్యలుండవు. ఈ తర్కం మీదే విరూపాక్షగారికి శ్రావ్య పరిష్కార అధికారి అనే కొత్త పదవి కూడా ఏర్పడింది.

అలా పెళ్లిళ్లలోనూ గణపతి మండపాల్లోనూ పాడే సుష్మ ఆర్కెస్ట్రా ప్రతి సోమవారం క్యూ పక్కన కొలువుతీరింది. గాయని సుష్మ సంబరపడింది. పెళ్లిలో జనం చూపు భోజనాల మీద ఉంటుంది. ఇక్కడి శ్రోతలు కదిలితే వరస పోతుంది. కొన్నాళ్లకు జనం అర్జీలు మాని పాటల చీటీలు రాయసాగారు. ఫిర్యాదులు సగం తగ్గాయని పైకి నివేదిక వెళ్లింది.

ఒకనాడు మొగుడంపల్లి దిక్కు నుంచి వచ్చిన బాలమణి అనే పెద్దావిడ తన అర్జీని సుష్మ చేతిలో పెట్టింది.

"కిడికీల సారు తీస్కుంటలేడు బిడ్డా. నువ్వన్న సదువు."

ఊరి బోరు మోటరు కాలిపోయిందట; నీళ్లకు పొలాల బావి దాకా నడుస్తున్నారట. సుష్మకు మనసాగలేదు. మైకులో అందరికీ వినబడుతుంది కదా అని, అప్పటికప్పుడు వరస కట్టి అర్జీని పాడేసింది. బిందె ఖాళీగా తిరిగొచ్చే చోట కీబోర్డు వీరేశ్ కాస్త ఏడిపించే స్వరం కూడా కలిపాడు.

క్యూ అంతా చప్పట్లు. కిటికీ సారు బయటికొచ్చి వన్స్‌మోర్ అడిగాడు. విరూపాక్షగారు కళ్లు తుడుచుకున్నారు.

"సార్, మరి మోటరు?" అంది సుష్మ.

"అయిపాయె కదమ్మా," అన్నారాయన, అర్జీ మీద 'ఆలపించబడినది' అని ముద్ర వేస్తూ. "ఏ అర్జీ గింత మంచిగ పరిష్కారం కాలే. ఫికర్ జెయ్యకు, ఆ ఊరికి బండి పంపిస్త."

బండి అంటే నీళ్ల ట్యాంకరేననుకొని సుష్మ కుదుటపడింది.

శుక్రవారం ఆ బండి సుష్మ ఇంటికే వచ్చింది. లోపల స్పీకర్లు, డ్రమ్ముల మధ్య వీరేశ్ అప్పటికే సర్దుకొని ఉన్నాడు.

ఊరి మొదట్లో ఆడవాళ్లు బిందెలు వరసగా పెట్టి నిలబడ్డారు. (వెంట వచ్చిన విరూపాక్షగారు ఆ క్రమశిక్షణను మెచ్చుకున్నారు.) బండిలోంచి దిగినదేమిటో చూసి బిందెలు బోర్లించి వాటి మీదే కూర్చున్నారు.

బోరు పాట మూడుసార్లు పాడించారు. సుష్మ తలెత్తలేదు. గొంతు ఎండిపోయి, చివరికి బాలమణి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

"పెద్దమ్మా, జర తాగ నీళ్లిస్తవా?"

బాలమణి ముఖంలో కోపమేమీ లేదు.

"అర్జీ పెట్టు బిడ్డా," అంది. "మంచి రాగంల పెట్టు."