కోళ్లకు మూడు నోటీసులు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న ఆఫీసు, ఆ ఆఫీసులో ఒక పెద్ద గుమాస్తా. ఆ గుమాస్తాను నేనే. పేరు ముళ్లయ్య, జాతికి ముళ్లపందిని. పద్దెనిమిదేళ్లుగా అడవి పంచాయతీకి రూల్సు రాస్తున్నాను. నేను రాసినవి నాకు తప్ప ఎవరికీ అర్థం కావు. అదే నా గొప్పతనమని అనుకునేవాణ్ణి.

మా ఇంటి వెనక చిన్న తోట ఉంది. నాదని చెప్పుకుంటాను గానీ మట్టి తవ్వింది, నీళ్లు మోసింది మా ఆవిడ కంటకమ్మే. తోటకూర, ముల్లంగి, పందిరి మీద చిక్కుడు. వానలు పట్టుకున్నాయంటే మా ఇద్దరి కడుపులూ నిండేది ఆ తోటతోనే.

ఒక పొద్దున ఎనిమిది కోళ్లు కంచె కంతలోంచి దూరి, అప్పుడే మొలకెత్తిన తోటకూర మడిని గీకి పారేశాయి. ఎవరి కోళ్లో, ఎక్కణ్ణించి వచ్చాయో తెలీదు. వాటిలో పెద్దది ఒక పెట్ట, పేరు బొల్లమ్మ అని తర్వాత తెలిసింది.

"ఏవండీ, ఆ కంతకి కాస్త కంప అడ్డం పెట్టండి," అంది కంటకమ్మ.

"పంచాయతీ గుమాస్తాని. కంపలు మోస్తానా? రూలు ప్రకారం వెళ్లగొడతాను, చూస్తూ ఉండు."

"పోనీ, నేను హుష్ అంటాను."

"నోటీసివ్వకుండా హుష్ అనడం నేరం. ఏడో రూలు. నేనే రాశాను."

నేను కలం తీశాను. 'శ్రీ ముళ్లయ్య గారి తోటలో నివసిస్తున్న కోళ్లకు తెలియజేయునది ఏమనగా' అని మొదలుపెట్టి కాగితం నిండా రాసి, అన్నం మెతుకులతో పందిరి రాటకు అంటించాను. నకలు ఫైల్లో పెట్టాను.

మర్నాటికి నోటీసు లేదు. మెతుకులతో సహా పొడుచుకు తిన్నాయి. నేను తగ్గుతానా? వారం ఆగి, మెతుకులు ఇంకాస్త దట్టంగా పెట్టి రెండోది అంటించాను. ఆ రుచి మరిగి బొల్లమ్మ చుట్టాల్ని కూడా పిలుచుకొచ్చింది. మూడో నోటీసు నాటికి ముప్ఫై కోళ్లయ్యాయి. ముల్లంగి మడి కూడా పోయింది.

కంటకమ్మ ఆ మడి పక్కన కూచుని, వేళ్లు బయటపడ్డ మొలకల్ని ఒక్కొక్కటే మళ్లీ నాటుతోంది. నా వైపు చూళ్లేదు. అయినా నా నోరు ఊరుకోదుగా!

"ప్రెసిడెంటుగారినే తీసుకొస్తాను," అన్నాను.

ప్రెసిడెంటు కొమ్ములరాజు గారు అడవిదున్న. తనిఖీకి వచ్చారు. కంతలోంచి ఆయన పట్టరు కనక, మర్యాదగా ఉండదని కంచె మొత్తం నేనే పీకేశాను. ఆయన పందిరి కింద నిలబడి, ఆలోచిస్తూ ఆలోచిస్తూ చిక్కుడు తీగ సగం నమిలేశారు.

"ఈ కోళ్లు ఇక్కడివేనా?"

"కాదండీ! దారిన పోయేవి. మూడు నోటీసులిచ్చాను, ఇదిగో ఫైలు."

ఆయన మూడు నకళ్లూ నిదానంగా చదివారు. "'తోటలో నివసిస్తున్న కోళ్లకు.' మూడింట్లోనూ నువ్వే రాశావు, నువ్వే సంతకం పెట్టావు. మూడు ఆఫీసు కాగితాల్లో నివాసం కనబడితే వాళ్లు అక్కడి కాపురస్థులేనని నలభై రెండో రూలు ఉంది కదయ్యా?"

ఉంది. మా బావమరిదికి ఎవరిదో పుట్ట ఇప్పించడానికి నేనే రాసిన రూలది.

"అయితే కోళ్లు ఇక్కడే ఉంటాయి," అని తేల్చేసి, మిగతా తీగ నములుతూ వెళ్లిపోయారు.

నేను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూలబడ్డాను. కంటకమ్మ లేచి, తిన్నగా బొల్లమ్మ దగ్గరకు వెళ్లింది.

"వదినా, కాళ్లు ఊరుకోకపోతే ఆ చెత్తకుప్ప గీక్కోండి, బోలెడు పురుగులున్నాయి. మడుల్లోకి మాత్రం రాకండి. ఆ మొలకలే మా తిండి."

"అయ్యో, అలాగా! ఆయన మెతుకులు పెడుతుంటే మమ్మల్ని రమ్మంటున్నారనుకున్నాం. వద్దన్నవాళ్లు ఎవరూ లేరు వదినా," అంది బొల్లమ్మ, నిజంగానే నొచ్చుకుంటూ. రెక్కలు టపటపలాడించి తనవాళ్లందర్నీ కుప్ప వైపు తోలుకుపోయింది. మళ్లీ ఒక్క కోడి మడిలో కాలు పెడితే ఒట్టు.

మూడు వారాలు రాసి నేను చెడగొట్టింది, ఆవిడ నాలుగు మాటల్లో చక్కబెట్టింది. సిగ్గుతో నా ముళ్లన్నీ వాలిపోయాయి. ఇంక జన్మలో రూల్సు రాయనని ఆవిడకు మాటిచ్చాను.

మర్నాడే పంచాయతీ నుంచి ఉత్తర్వు వచ్చింది. సొంత తోట నాశనమవుతున్నా రికార్డు తప్పకుండా నడిపినందుకు నన్ను సూపరింటెండెంటును చేశారట.

"వెళ్తారా?" అంది కంటకమ్మ.

"వెళ్లకపోతే బాగుండదేమో," అన్నాను, నేల చూస్తూ.

ఆవిడ నీళ్లకుండ చంకనెత్తుకుని మడి వైపు వెళ్లింది.

ఇందులో నీతేమిటని మీరడిగితే, సూపరింటెండెంటు హోదాలో నేను చెప్పగలిగింది ఒక్కటే: తోట ఎండితే ఎండింది, ఫైలు మాత్రం పచ్చగా ఉంచుకోండి.