మగ్గం గుంతలో సినిమా

"భారతదేశంలో సినిమా పుట్టినప్పటి నుంచి రాజుల కథలు తీసినారు, దేవుళ్ల కథలు తీసినారు, జమీందార్ల కథలు తీసినారు. నేతగాడి కథ ఎవరైనా తీసినారా? తీయలేదు! నేను తీయిస్తాండా!"

ధర్మవరంలో మగ్గాల వీధి మొగదల వీరభద్రయ్య గారు ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు, ఆరు నెలలుగా ఆ సినిమా కోసం తిరుగుతున్న నారాయణస్వామి వేదిక కింద మైకు వైరు పట్టుకొని నిలబడి ఉన్నాడు. వైరు వదిలితే మైకు ఆగిపోతుంది. అందువల్ల అతను చప్పట్లు కొట్టలేకపోయాడు. గిట్టనివాళ్లు దీన్ని అసూయ అన్నారు.

వీరభద్రయ్య గారిది పెనుకొండ. ఆయనకు ఏ పదవీ లేదు. పదవి ఉంటే ఆ ఒక్క పనే చేయాల్సి వస్తుందనీ, లేకుంటే అందరి పనులూ చూడొచ్చనీ ఆయన అభిప్రాయం. మొన్నటి ఎలక్షన్లో జనం కూడా ఈ అభిప్రాయంతో పూర్తిగా ఏకీభవించారు.

మూడో వరసలో, చంకలో బిడ్డతో, జయలక్ష్మమ్మ చప్పట్లు కొట్టింది. ఒక చెయ్యి బిడ్డది కాబట్టి రెండో చేత్తో తన తొడ మీదే కొట్టుకుంది. నేతగాడి కథ అంటే తన ఇంటి కథే అని ఆమెకు తెలుసు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. పక్కింటి వాళ్లకు జాబులొస్తే చదివిపెట్టే మనిషి. ఆమాత్రం తెలియదా?

ఆ ఇల్లు అంటే ఒకటే గది. అందులో మొగుడు దాసప్ప, అత్త హనుమంతమ్మ, పది నెలల కూతురు చౌడమ్మ, ఒక మగ్గం. మగ్గం కింద నేతగాడు కాళ్లు దించి కూర్చునే గుంత. వాన పడితే ఆ గుంతలో నీళ్లూరేవి. నేలంతా చెమ్మ, గోడంతా చెమ్మ, చివరికి బిడ్డ గొంతులో గురగుర. ఆ గురగుర మొదలైతే జయలక్ష్మమ్మకు వేరే పని తోచేది కాదు. ఒక దగ్గుకూ ఇంకో దగ్గుకూ నడుమ బిడ్డ ఎన్ని ఊపిర్లు తీసిందో లెక్కపెడుతూ కూర్చునేది. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి.

నారాయణస్వామికి హిందూపురంలో ఫోటో స్టూడియో ఉండేది. ఉన్న బండి అమ్మి పాత సినిమా కెమెరా కొన్నాడు. కంపెనీ లేదు, హీరో లేడు, పాటలు లేవు. ధర్మవరం వచ్చి వీళ్ల వాకిట్లో కూర్చొని, చెప్పే కష్టాలు ఊరికే వినేవాడు. ఒక వానరోజు జయలక్ష్మమ్మ బిడ్డను చంకనేసుకొని గుంతలో నీళ్లు చెంబుతో తోడిపోస్తుంటే లేచి నిలబడ్డాడు.

"ఇదేనమ్మా సినిమా! పౌడరొద్దు, మాటలు రాసేవాళ్లొద్దు. పైనుండే ఆఫీసర్లు ఇది చూస్తే నీకు పొడి ఇల్లు ఇయ్యకుండా ఎట్ల ఉంటారు?"

"పొడి ఇల్లా అన్నా?"

"పొడి ఇల్లే."

ఆ రోజు నుంచి జయలక్ష్మమ్మ నీళ్లు తోడేటప్పుడల్లా కొంగు సరిగ్గా దోపుకోవటం మొదలుపెట్టింది. ఎవరూ చూడకపోయినా వాకిలి వైపుకే తిరిగి తోడేది.

అయితే కెమెరా ఉంటే చాలదు, అందులో వేసే ఫిల్ముకు పర్మిట్టు కావాలి. పర్మిట్టుకు పెద్దమనిషి సిఫారసు కావాలి. నారాయణస్వామి పెనుకొండ పోయి వీరభద్రయ్య గారిని కలిశాడు. ఆయన మొత్తం కథ రెండు నిమిషాల్లో విని, కళ్లు తుడుచుకొని, సినిమా తనదిగా స్వీకరించారు. షూటింగు తేదీ కూడా ఆయనే నిర్ణయించారు. అమావాస్య.

అమావాస్య నాడు ఆ వీధిలో ఏ మగ్గమూ ఆడదు. అది నేతగాళ్ల కులదేవత చౌడేశ్వరి తల్లి రోజు. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, గుడ్డ కప్పి, దండం పెడతారే గానీ గుంతలో కాలు పెట్టరు. నారాయణస్వామి ఈ మాటే విన్నవించుకున్నాడు.

"తెలుసప్పా, తెలిసే పెట్టినా!" అన్నారు వీరభద్రయ్య గారు. "ఆ పొద్దు వాళ్లకు సెలవు. పని చెడదు, కూలి పోదు. తీరుబడిగా కూచోని నేస్తారు, మనం తీరుబడిగా తీసుకుంటాం."

ఇంత దయగల మాటలో తప్పు ఎక్కడుందో నారాయణస్వామికి వెంటనే చూపించటం చేతకాలేదు.

అమావాస్య వచ్చింది. జయలక్ష్మమ్మ పొద్దున్నే ఇల్లలికి, బిడ్డకు దిష్టిచుక్కలు మూడు పెట్టింది. కెమెరాకు ఒకటి, జనానికి ఒకటి, వీరభద్రయ్య గారికి ఒకటి. ఆయన రెండు కార్లలో దిగారు. రెండో కారులో ఆయన బామ్మర్ది గంగాధరప్ప, అతని పెళ్లాం వెంకటలక్ష్మమ్మ, మూడు గంపల ఇడ్లీలు వచ్చాయి. గంగాధరప్పకు పెనుకొండ బస్టాండులో కాఫీ హోటలు.

"ఊ, దాసప్పా, దిగు గుంతలోకి!" అన్నారు వీరభద్రయ్య గారు.

దాసప్ప తల్లి వైపు చూశాడు. హనుమంతమ్మ మగ్గానికి అడ్డంగా కూర్చుంది.

"ఈ పొద్దు మా వాళ్లెవురూ కాలు పెట్టరు సామీ."

"అమ్మా, ఇది దేశానికి సంబంధించిన పని!"

"దేశానికి రేపు తీరిక లేదా?"

దేశానికి లేదు. వీరభద్రయ్య గారు రేపు అనంతపురంలో ఉండాలి. పర్మిట్టు గడువు కూడా ఆ పొద్దుతో సరి. ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. మహానుభావులకు మార్గాలు అట్లాగే కనపడతాయి.

"గంగాధరా, ఇడ్లీల పని ఎవురికైనా అప్పజెప్పి ఇట్ల రా!"

హనుమంతమ్మ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. "ఆయప్ప మా కులమోడు కాదు, పాపం ఆయప్పదే. కూచుంటే కూచోనీ. నాడె మాత్రం ఆడించగూడదు."

దాసప్ప చేతిలో పోగును అటూ ఇటూ పరిగెత్తించే నాడె గంగాధరప్ప చేతికి విసనకర్రలాగా చిక్కింది. అతను గుంతలో దిగటానికి ఇద్దరు సాయం పట్టారు. వెంకటలక్ష్మమ్మ జరీ చీరతో వచ్చింది కాబట్టి జయలక్ష్మమ్మ తన మాసిన చీరే ఇచ్చింది. రాట్నం ముందు ఎట్లా కూర్చోవాలో చూపింది. "కష్టంలో ఉన్నట్ల చూడు వదినా, ఎడమ పక్కకు" అని కూడా చెప్పింది. పేదరికం ఎట్లా ఉండాలో జయలక్ష్మమ్మ అంత ఓపికగా చెబుతుందని ఆ పొద్దు వరకూ ఆమెకే తెలియదు.

నారాయణస్వామి నీరసంగా అన్నాడు. "అయ్యా, ఇది ఉన్నది ఉన్నట్లు చూపించే సినిమా."

"ఉన్నాడు కదప్పా, కనపడతాండ్లేదా?" అన్నారు వీరభద్రయ్య గారు. "ఏదీ, గుంతలో నీళ్లు?"

నీళ్లు లేవు. వానపడి రెండు నెలలైంది. నారాయణస్వామికి కాస్త ప్రాణం వచ్చింది. వాన పడినాక వస్తానన్నాడు.

"మన తాలూకాలో వాన కోసం కాచుకుంటే నీ మనవడు తీయల్ల సినిమా. ఎవురమ్మా ఆడ, రెండు బిందెలు అందుకోండి!"

ఎవరమ్మా అంటే జయలక్ష్మమ్మే. ఏళ్లకేళ్లు తోడిపోసిన గుంతలోకి ఆమె బావి నుంచి తొమ్మిది బిందెలు మోసుకొచ్చి పోసింది. నాలుగో బిందె దగ్గర ఒక అనుమానం వచ్చింది. ఐదో బిందెకల్లా తనకు తానే సమాధానం చెప్పుకుంది. గుంత మాది, నీళ్లు మావి, చెమ్మ మాది. కాళ్లు ఎవరివైతే ఏం? ఆఫీసర్లు చూసేది నీళ్లను గానీ కాళ్లను కాదు. ఐదో తరగతి చదువు ఇట్లాంటప్పుడే అక్కరకొస్తుంది.

"బిడ్డ?" అన్నారు వీరభద్రయ్య గారు. గంగాధరప్ప దంపతులకు బిడ్డలు లేరు.

జయలక్ష్మమ్మ చౌడమ్మను ఇచ్చింది. లైట్ల వేడికి బిడ్డ మొదట నవ్వింది, తర్వాత చెమ్మకు దగ్గింది. నారాయణస్వామి కెమెరా తిప్పాడు. గుంతలో నీళ్లు మోకాళ్లు దాటి గంగాధరప్ప గడగడ వణికాడు. అది నటన కాదు. ఆ సినిమాలో నిజమైనవి రెండే, ఆ వణుకూ ఆ దగ్గూ.

అందరూ పోయినాక జయలక్ష్మమ్మ పొద్దుగూకేదాకా ఆ తొమ్మిది బిందెలూ తోడిపోసింది. కొంగు దోపుకోలేదు.

మూడు నెలలకు పెనుకొండలో తెల్ల పంచె కట్టి సాయంత్రం సినిమా వేశారు. పద్నాలుగు నిమిషాల సినిమా. మొదటి ఎనిమిది నిమిషాలు వీరభద్రయ్య గారు రిబ్బను కత్తిరించారు. తర్వాత ఆయన కంఠమే వినపడింది: "ఇతడు ధర్మవరం నేతగాడు. ఇతని పాదాల కింద నీరు. ఇతని బిడ్డకు దగ్గు."

జనం ముక్కులు చీదారు. జయలక్ష్మమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. తెర మీద ఆ తల్లి ఎడమ పక్కకు చూస్తుంటే, "ఎట్ల సహిస్తాందో మహాతల్లి" అనుకుంది. పక్కనున్న దాసప్ప మోచేత్తో పొడిచి, "చీర నీదే" అని గుర్తుచేశాడు.

సినిమా హైదరాబాదు పోయింది. అక్కడొక పెద్ద ఆఫీసరు చూసి కదిలిపోయాడట. కదిలినవాడు ఊరికే ఉండకుండా ఆర్డరు వేశాడు. "చిత్రమందు చూపబడిన నేత కుటుంబమునకు" కొత్త కాలనీలో, మిట్ట మీద, సిమెంటు నేల ఇల్లు ఒకటి. విచారణకు ఒక ఆఫీసరు వస్తాడు.

ఆ వార్త విని జయలక్ష్మమ్మ బిడ్డను ఎత్తి ముద్దుపెట్టుకుంది. "పొడి ఇల్లే చౌడీ! సిమెంటంట!" అంది. ఆ ఆర్డరు కాగితం మళ్లీ మళ్లీ చదివింది. "చూపబడిన" అన్న మాట దగ్గర ప్రతిసారీ తొందరగా చదివింది.

ఆఫీసరును వీరభద్రయ్య గారు అమావాస్య నాడు జయలక్ష్మమ్మ ఇంటికి తీసుకొచ్చారు. అందరూ ఇళ్లలోనే ఉంటారని. ముందురోజే ఒక మాట కూడా చెప్పి పంపారు: "సినిమాలో బిడ్డ కనపడకపోతే ఆర్డరు వెనక్కి పోతుంది. ఒక అరగంట బిడ్డనియ్యమని చెప్పండి. ఎవురి పేరు మీద వస్తేనేమి, నేత ఇల్లు నేత ఇల్లే కదా."

గంగాధరప్ప దంపతులు అప్పటికే మగ్గం ముందు కూర్చొని ఉన్నారు. ఆఫీసరు చేతిలో సినిమాలోంచి తీసిన ఫోటో ఉంది. గంగాధరప్పను చూశాడు, టిక్కు పెట్టాడు. వెంకటలక్ష్మమ్మను చూశాడు, టిక్కు. ఆమె ఒడిలో చౌడమ్మను చూశాడు. చౌడమ్మ ఏడుస్తూ జయలక్ష్మమ్మ వైపు చేతులు చాచింది. టిక్కు పెట్టబోతున్న పెన్ను ఆగింది.

"సార్!" అంది జయలక్ష్మమ్మ. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "ఆ బిడ్డ నా బిడ్డ సార్. మగ్గం మాది. నేసేది ఈయన, మా ఇంటాయన."

ఆఫీసరు న్యాయమైన మనిషి. దాసప్ప వైపు తిరిగి, "అట్లయితే నేసి చూపించవయ్యా" అన్నాడు.

దాసప్ప పసుపు పెట్టిన మగ్గాన్ని చూశాడు, తల్లిని చూశాడు, దగ్గుతున్న కూతుర్ని చూశాడు. కాలు ఒక జానెడు కదిలింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"రేపు నేస్తా సార్."

"నేను రేపు ఉండను." ఆఫీసరు గంగాధరప్పను చూశాడు. గంగాధరప్ప ఈసారి ఎవరి సాయం లేకుండానే గుంతలో దూకి, హనుమంతమ్మ అరుస్తున్నా వినకుండా, నాడె విసిరాడు. మూడు పోగులు తెగాయి.

"అలవాటైన చెయ్యి" అని రాసుకున్నాడు, పుట్టాక మొదటిసారి మగ్గం చూసిన ఆఫీసరు. తర్వాత జయలక్ష్మమ్మకు ఫోటో చూపించాడు. "ఇందులో నువ్వు లేవు కదమ్మా?"

"నేను కెమెరా ఎనకాల ఉంటిని సార్. నీళ్లు—"

"నీళ్లు?"

"నీళ్లు..."

వీరభద్రయ్య గారు ఎంతో ఆప్యాయంగా ముందుకొచ్చారు. "చెప్పమ్మా, దాచుకోవద్దు. గుంతలో నీళ్లు నువ్వే పోసినావా? సార్‌కు చెప్పు. అబద్ధపు నీళ్లని రాసుకుంటాడు. ఆ పైన ఈ వీధిలో ఏ ఇంట్లో నీళ్లూరినా నమ్మేవాళ్లుండరు."

వీధి వీధంతా వాకిట్లో నిలబడి జయలక్ష్మమ్మ నోటి వైపు చూసింది. ఆమె ఊపిర్లు లెక్కపెట్టుకుంది. ఈసారి తనవి.

"పోయలేదు సార్. ఊట నీళ్లే."

టిక్కు.

కొత్త ఇల్లు చాలా బాగా కట్టారు. సిమెంటు నేల అద్దంలా ఉండేది. మగ్గం కోసం తవ్విన గుంత కాఫీ పొయ్యికి సరిగ్గా సరిపోయింది. గంగాధరప్ప పెనుకొండ హోటలు ఎత్తేసి ఇక్కడే పెట్టాడు. గోడ మీద సినిమా ఫోటోకు పూలదండ వేసి, వచ్చినవాళ్లందరికీ నేతగాళ్ల బాధలు చెప్పేవాడు. నారాయణస్వామి ఒకసారి వచ్చి ఆ ఫోటో కింద కాఫీ తాగాడు. అతని దగ్గర దుడ్లు తీసుకోలేదు. కళాకారుడని.

జయలక్ష్మమ్మ అక్కడ పిండి రుబ్బే పనికి కుదిరింది. కూలి కోసం కాదు. పొద్దున తెస్తే సాయంత్రం దాకా చౌడమ్మ ఆ పొడి నేల మీద పడుకోవచ్చు. నెల తిరక్కుండా బిడ్డ గొంతులో గురగుర తగ్గింది. జయలక్ష్మమ్మ ఊపిర్లు లెక్కపెట్టడం మానేసి ఇడ్లీలు లెక్కపెట్టసాగింది.

ఏడాది తిరిగినాక ఒక మధ్యాహ్నం జేబులో రెండు పెన్నులున్న కొత్త మనిషి వచ్చి కూర్చున్నాడు. గంగాధరప్ప లోపల నిద్రపోతున్నాడు. ఆ మనిషి ఫైలు తెరిచి, గోడ మీది ఫోటో చూశాడు. గుంతను చూశాడు, అందులో మండుతున్న పొయ్యిని చూశాడు. రుబ్బురోలు పక్కన నిద్రపోతున్న చౌడమ్మను చూశాడు.

"ఏమమ్మా, ఆ ఫోటోలో బిడ్డ ఎవరి బిడ్డ?"

జయలక్ష్మమ్మ పెన్నుల వైపు చూసింది. నేల వైపు చూసింది. చేతికంటిన పిండి కడుక్కొని, బిడ్డ మీద కొంగు కప్పింది.

"హోటలాయన బిడ్డ సార్. అవ్వగారింటికి పోయిండాది."

"మరి ఈ పాప?"

"ఇది నా బిడ్డ సార్. ఇది సినిమాలో లేదు."